ఇరవై శాతం మచ్చ

హవల్దార్ మాలకొండయ్య చెంపకి దెబ్బ తగిలిన ముప్ఫై ఏళ్ళకి, ఆ దెబ్బ ఎంత పెద్దదో తేల్చాల్సిన అవసరం ప్రభుత్వానికి వచ్చింది. అప్పటికి ఆయన పట్టాళం నుంచి రిటైరై, కనిగిరి వైపు ఎర్రగుంటపల్లెలో సొంత ట్రాక్టరు తోలుకుంటూ, మచ్చ సంగతి మర్చిపోయి ఉన్నాడు. మచ్చ మాత్రం ఆయన్ని మర్చిపోలేదు.

పట్టాళంలో ఆయన లారీ డ్రైవరు. మంచుకొండల్లో సరిహద్దు చౌకీకి బియ్యం బస్తాలు, కిరసనాయిలు డబ్బాలు, ముగ్గురు జవాన్లను ఎక్కించుకుని పోతుంటే, అవతలివైపు నుంచి వచ్చిన ఫిరంగి గుండు ఒకటి రోడ్డు పక్కన పడి పేలింది. లారీ ముందరి అద్దం పగిలి, ఒక గాజు పెంకు ఆయన ఎడమ కంటి కింద మొదలుపెట్టి దవడ దాకా చీరుకుంటూ పోయింది. ఒక చేత్తో చెంప అదిమి పట్టుకుని, రెండో చేత్తో స్టీరింగు తిప్పుతూ లారీని చౌకీకి చేర్చాడాయన. గుడారంలో ఎవరో లాంతరు పట్టుకుంటే ఇంకెవరో కుట్లేశారు. మత్తుమందు కొండ కిందే ఉండిపోయింది. ఆ సంగతి ఎవరైనా అడిగితే, "బియ్యం చేరింది, మనుషులు చేరారు, కిరసనాయిలే కొంచెం ఒలికింది," అని ఇప్పటికీ నొచ్చుకుంటాడు.

వయసు మీద పడేకొద్దీ ఆ మచ్చ బిగుసుకుని, కంటి కిందిరెప్పని కిందికి లాగడం మొదలుపెట్టింది. నాలుగైదేళ్ళుగా ఆ కన్ను మూతపడడం మానేసింది. దుక్కి దున్నేటప్పుడు లేచే దుమ్మంతా అందులోకే. పడుకున్నా అది తెరుచుకునే ఉంటుంది. తెల్లారేసరికి ఎండిపోయి, పచ్చిమిరపకాయ రాసినట్టు మండుతుంది.

సైనిక ఆసుపత్రిలో మేజర్ షకీరా అనే సర్జన్ ఆ కన్ను చూసింది. కర్నూలు మనిషి, మాట సూటిగా ఉంటుంది.

"ఇది చిన్న పనే హవల్దార్ సాబ్. బిగువు విడదీసి, కాస్త చర్మం అతికిస్తే కన్ను మూసుకుంటుంది. ఇట్లాగే వదిలేస్తే నల్లగుడ్డు మీద పుండు పడుతుంది. పుండు పడితే చూపు పోతుంది."

"ఎప్పుడు రమ్మంటారమ్మా?"

"నన్నడిగితే రేపే రమ్మంటాను. కానీ మచ్చలకి ఆపరేషన్ చేయాలంటే, మచ్చ కనీసం ఇరవై శాతం ఉన్నట్టు మండలి సర్టిఫికెట్ ఇవ్వాలని కొత్త రూలొచ్చింది."

"దేంట్లో ఇరవై శాతం అమ్మా?"

"అది రూల్లో రాయలేదు," అందామె.

ఆ మండలి పూర్తిపేరు మాజీ సైనికుల మచ్చల సమగ్ర మదింపు మండలి. ఒకే రకం మచ్చకి ఒక జిల్లాలో ఒక శాతం, ఇంకో జిల్లాలో ఇంకో శాతం ఇస్తున్నారని ఎవరో పెద్దమనిషి ఒక సభలో వాపోయాడు. మాట నిజమే. సరిచేద్దామని మండలిని వేశారు. మచ్చల గురించి తెలిసినవాళ్ళు ఆసుపత్రుల్లో పని మీద ఉండడంతో, కొలతల గురించి తెలిసినవాళ్ళను వేశారు. అధ్యక్షులు త్రివిక్రమరావుగారు భూముల సర్వేలో జీవితమంతా గడిపి పైకొచ్చిన మనిషి. హద్దులు లేని భూమి ఎలా ఉండదో, హద్దులు లేని మచ్చా అలాగే ఉండదని ఆయన గట్టి నమ్మకం. చెయ్యి చాపి లంచం అడిగే మనిషి కాడు, ఒకరి మాట వినే మనిషీ కాడు.

మొదటి విచారణ రోజున మాలకొండయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, మీసం దువ్వుకుని వెళ్ళాడు. ఆ మీసం సంగతి చెప్పాలి. ముక్కు కింద మొదలై రెండు చెంపల మీదికీ పాకి, చివర్లు పైకి తిరిగి ఉండే గుబురు మీసం అది. పట్టాళంలో చేరిన ఏడాది నుంచీ దాన్ని సాకుతున్నాడు.

త్రివిక్రమరావుగారు ఆయన్ని కిటికీ వైపు తిప్పి కూర్చోబెట్టి, జేబులోంచి ఉక్కు టేపు తీశారు. పక్కన సూపరింటెండెంటు సుగుణాకరం కలం పట్టుకుని నిలబడ్డాడు.

"రాయండి. దరఖాస్తుదారుని వామ కపోలమునందలి మచ్చ. ఉత్తరము: కంటి కిందిరెప్ప. దక్షిణము: దవడ ఎముక. తూర్పు: చెవి. పడమర: ముక్కు, దానిని ఆనుకుని మీసము." ఆయన వంగి చూసి ఆగారు. "మచ్చ మీసంలోకి వెళ్తోందే."

"మీసం కింద కూడా ఉంది సార్," అన్నాడు మాలకొండయ్య. చూపుడు వేలితో మీసం కొస ఎత్తి చూపించాడు.

"వేలు తీయండి. సహజస్థితిలోనే కొలవాలి. సుగుణాకరం, ఇలా రాయండి. మచ్చ యొక్క దిగువ భాగము మీసము ఆక్రమణలో ఉన్నందున, కంటికి కనపడనిది వికారముగా పరిగణింపజాలము. సదరు భాగము మదింపు నుంచి మినహాయించడమైనది."

మిగిలిన మచ్చకి పన్నెండు శాతం వచ్చింది.

మాలకొండయ్య లేచి నిలబడ్డాడు. "సార్, నాకు మచ్చతో పేచీ లేదు. అది ఎంతున్నా ఫరవాలేదు. కన్ను మూతపడడం లేదు, అదొక్కటే నా బాధ."

"కన్ను మా పరిధిలోకి రాదు," అన్నారు త్రివిక్రమరావుగారు దయగానే. "కన్ను నేత్ర మదింపు మండలి పరిధిలోకి వస్తుంది."

"అదెక్కడుంది సార్?"

"ఇంకా ఏర్పడలేదు."

బయట వరండాలో సుగుణాకరం ఆయన్ని పట్టుకున్నాడు. సుగుణాకరం ఎవరికీ కాదని చెప్పి ఎరగడు. ఎవరొచ్చినా ఒక దారి చూపించి, ఆ దారిలో కొంతదూరం తోడు వచ్చి, మళ్ళీ తన కుర్చీలో కూర్చుంటాడు.

"దిగులుపడకండి హవల్దార్ గారూ. అప్పీలు చేసుకోండి. అది మీ హక్కు."

"అప్పీలు ఎవరికండీ?"

"మండలికే."

"వినేదెవరు?"

"త్రివిక్రమరావుగారే. కానీ ఆ రోజు వేరే కుర్చీలో కూర్చుంటారు."

మాలకొండయ్య ఇంటికొచ్చి, పెరట్లో అద్దం గోడకి తగిలించుకుని, కాసేపు దాని ముందు నిలబడ్డాడు. ఆయన భార్య చెంచమ్మ బర్రెకి కుడితి పెడుతూ చూసింది.

"ఏందయ్యా, అట్టా నిలబడ్డావు?"

"మీసం ఆక్రమణలో ఉందంట. తీసెయ్యాలి."

"ఎవురి ఆక్రమణలో?"

"మీసమే ఆక్రమించిందంట, మచ్చని."

చెంచమ్మ కుడితి తొట్టి దగ్గర నుంచి లేచి వచ్చి ఆయన మొహంలోకి చూసింది. ఆయన నవ్వడం లేదని చూసి తనూ నవ్వడం మానుకుంది. మీసం పోయాక ఆయన పై పెదవి తెల్లగా, ఇంకెవరిదో తెచ్చి పెట్టుకున్నట్టు కనిపించింది. మర్నాడు టీ బంకు దగ్గర పాతికేళ్ళుగా ఎరిగినవాళ్ళే, ఎవరో కొత్త మనిషనుకుని బల్ల మీద చోటిచ్చారు. ఆ మర్యాద ఆయన్ని చాలా బాధపెట్టింది.

అప్పీలు రోజున త్రివిక్రమరావుగారు నిజంగానే వేరే కుర్చీలో కూర్చున్నారు. దానికి చేతులున్నాయి. ఇటూ అటూ ఇద్దరు సభ్యులు కూడా ఉన్నారు.

"కింది మండలి ఈ విషయంలో తొందరపడినట్టు కనపడుతోంది," అన్నారాయన, కింది మండలిలో తనున్న సంగతి పట్టించుకోకుండా. "మీసము తొలగింపు వలన మచ్చ విస్తీర్ణము పెరిగిన మాట వాస్తవము. అయితే సదరు పెరుగుదలను దరఖాస్తుదారుడు తనకు తానే కలిగించుకున్నాడు. అయినను, మండలి ఉదారంగా దానిని అంగీకరిస్తున్నది. ఇక దెబ్బ యొక్క మూలానికి వద్దాం. మీకు తగిలింది ఏమిటి?"

"గుండు పేలింది సార్. అద్దం పగిలి పెంకు తగిలింది."

"ప్రశ్నకు మాత్రమే సమాధానం చెప్పండి. తగిలింది గుండా, గాజా?"

"గాజు సార్."

"గుండు ఎవరిది?"

"శత్రువుది."

"గాజు ఎవరిది?"

మాలకొండయ్య కాసేపు ఆలోచించాడు. "మన లారీదే సార్."

మండలివాళ్ళు ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. త్రివిక్రమరావుగారు కుర్చీ చేతుల మీద రెండు చేతులూ ఆనించారు.

"అంటే శత్రువు గుండు మిమ్మల్ని తాకలేదు. మిమ్మల్ని గాయపరచింది మన ప్రభుత్వపు గాజు. రాయండి సుగుణాకరం. సదరు మచ్చ ప్రభుత్వ సామగ్రి చేత, ప్రభుత్వ విధి నిర్వహణలో, ప్రభుత్వోద్యోగి ముఖముపై ఏర్పడినందున, సదరు మచ్చ ప్రభుత్వ ఆస్తిగా పరిగణించవలసి యున్నది."

ఇది మంచికో చెడుకో మాలకొండయ్యకి అర్థం కాలేదు. సుగుణాకరం వైపు చూస్తే, మంచికే అన్నట్టు తలాడించాడు.

"తర్వాత, వికారము," అన్నారు త్రివిక్రమరావుగారు. "మచ్చ వలన ముఖము వికృతమైనదా లేదా తేల్చాలంటే, అంతకు ముందు ముఖము ఎలా ఉండేదో చూడాలి. పాత ఫోటో తెచ్చారా?"

తెచ్చాడు. పట్టాళంలో చేరిన రోజున తీసిన ఫోటో అది. అందులో ఒక బక్కపలచటి కుర్రాడు, చెవులు రెండూ పక్కలకి నిలబడి, గుండు మీద అప్పుడే మొలుస్తున్న జుట్టుతో, నోరు కాస్త తెరిచి, వెనక నుంచి ఎవరో హఠాత్తుగా పిలిచినట్టు చూస్తున్నాడు. ఫోటో సభ్యుల చేతులు మారింది. వాళ్ళు ఒకసారి ఫోటో వైపు, ఒకసారి మాలకొండయ్య వైపు చూశారు. కుడివైపు సభ్యుడు గొంతు తగ్గించి, "ఇప్పుడే నయమండీ," అన్నాడు. రెండో సభ్యుడు, "గాంభీర్యం వచ్చింది," అన్నాడు.

త్రివిక్రమరావుగారు నిజాయితీపరుడు కాబట్టి కనపడ్డదాన్ని దాచలేదు.

"తులనాత్మక పరిశీలన మేరకు, మచ్చ ఏర్పడిన పిదప దరఖాస్తుదారుని ముఖమునకు పూర్వము లేని గాంభీర్యము సంక్రమించినట్టు మండలి ఏకగ్రీవముగా అభిప్రాయపడినది. కావున వైకల్య శాతము ఋణ మూడుగా నిర్ధారించడమైనది."

"అంటే ఏంది సార్?" అన్నాడు మాలకొండయ్య.

"దెబ్బ వలన మీరు మూడు శాతం లాభపడ్డారని."

ఆ క్షణంలో మాలకొండయ్యకి గుడారం గుర్తొచ్చింది. సూది లోపలికి పోయిన ప్రతిసారీ, పక్కనున్న జవాను ఒకడు ఆయన బొటనవేలు గట్టిగా పట్టుకునేవాడు. ఆ జవాను పేరు ఎంత తవ్వుకున్నా గుర్తు రాలేదు. పాత అలవాటు కొద్దీ మడమలు కలిపి నిలబడి, సెల్యూట్ చేసి బయటికొచ్చేశాడు. సభ్యులకి ఆ సెల్యూట్ కూడా గంభీరంగానే కనిపించింది.

ఇంట్లో సంగతంతా విని చెంచమ్మ అడిగింది ఒక్కటే. "నువ్వు అందంగా ఉన్నావని ఎవురన్నారు?"

"ముగ్గురూ అన్నారు."

"ఇన్నేళ్ళు కాపరం చేసింది వాళ్ళా, నేనా? నన్నడగొద్దా?"

అడగొచ్చునని రూల్లోనే ఉంది. జీవిత భాగస్వామి సాక్ష్యం తీసుకోవచ్చునని సుగుణాకరం ఫోనులో చెప్పాడు. ఇంతవరకు ఎవరూ ఆ అవకాశం వాడుకోలేదని, వాడుకుంటే చూడాలని తనకీ ఉందని అన్నాడు. రెండో అప్పీలు పడింది.

ఆ రోజు త్రివిక్రమరావుగారి కుర్చీకి చేతులతో పాటు వెనక తల ఆనించుకునే ఎత్తు కూడా ఉంది. చెంచమ్మ జరీ అంచు చీర కట్టుకుని వచ్చి, కూర్చోమనకముందే కూర్చుంది.

"మీ వివాహం దెబ్బ తగలక ముందా, తర్వాతా?"

"తర్వాతేనయ్యా."

"అంటే మచ్చ చూసే ఒప్పుకున్నారు. మీకు అభ్యంతరం లేదు."

"నేను చూసింది కుడిపక్కన్నే. పెళ్ళిచూపులకి వచ్చినప్పుడు మా అత్త ఈయన్ని గోడవారగా, ఎడమ చెంప గోడ వైపు ఉండేట్టు కూర్చోబెట్టింది. కాఫీ ఇస్తే అట్టాగే మెడ తిప్పకండా తాగినాడు. పట్టాళం మనిషి గదా, మెడ తిప్పరేమో అనుకున్నా."

మాలకొండయ్య తల దించుకున్నాడు. ఈ సంగతి ఆమెకి తెలుసునని ఆయనకి ఇన్నేళ్ళూ తెలీదు.

"మరి ఎడమవైపు ఎప్పుడు చూశారు?"

"పీటల మీద. తెర తీసినాక."

"అప్పుడు మీ మానసిక స్థితి ఏమిటి?"

"భయమేసింది. తలంబ్రాలు పొయ్యాల్సిన చెయ్యి ఆగిపోయింది. పంతులు రెండుసార్లు పొయ్యమన్నాడు."

"భయం," అన్నారు త్రివిక్రమరావుగారు కళ్ళు చికిలించి. "భయానికి మన నిబంధనల సంహితలో స్థానం ఉన్నట్టుంది చూడండి సుగుణాకరం."

ఉంది. పరులకు భయము కలిగించు మచ్చకు అదనపు శాతము ఇవ్వవచ్చును. అయితే భయం నిరంతరాయంగా ఉండాలి.

"ఆ భయం ఎంతకాలం ఉంది?"

"పిల్లలు పుట్టేదాకా."

"అంటే పిల్లలు పుట్టాక భయం పోయింది."

"పిల్లలు పుట్టినాక తీరిక లేకపోయింది," అంది చెంచమ్మ. "ఈ నాలుగైదేళ్ళ నుంచి మళ్ళా భయంగానే ఉంది. మచ్చని చూసి కాదయ్యా. మచ్చ నాకు అలవాటే. పడుకున్నప్పుడు ఈయన కన్ను తెరిచి ఉంటది. మెలకువగా ఉన్నాడేమో అనుకుని నేను ఏదో ఒకటి మాట్లాడతా. జవాబు రాదు. ముక్కు దగ్గిర వేలు పెట్టి ఊపిరుందో లేదో చూసుకుంటా. ఉంటది. మళ్ళా పడుకుంటా. అట్టా ఎన్నిసార్లు లేస్తానో నాకే తెలీదు. మీకు నమ్మకం లేకపోతే ఒక్కరోజు మా ఇంటికొచ్చి పడుకోండి."

ఎడమవైపు సభ్యుడు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. త్రివిక్రమరావుగారికీ మనసు కదిలినట్టే ఉంది. కానీ ఆయన మనసు ఎటు కదిలినా టేపు పట్టుకునే కదులుతుంది.

"సాక్షి భయము మధ్యలో కొంతకాలము అంతరాయము పొందినను, ప్రస్తుతము పునరుద్ధరింపబడినది," అని చెప్పి రాయించారు. "కావున పూర్వపు ఋణ శాతమును రద్దుచేసి, విస్తీర్ణము, భయము కలిపి ఇరవై శాతముగా మంజూరు చేయడమైనది."

మాలకొండయ్య భార్య వైపు చూశాడు. ఆమె కొంగు సర్దుకుని, బస్సుకి టైమైందేమో అన్నట్టు గోడ గడియారం వైపు చూస్తోంది.

సర్టిఫికెట్ చేతికిచ్చేటప్పుడు సుగుణాకరం చివరి పేరా మీద వేలుపెట్టి చూపించాడు. మచ్చ ప్రభుత్వ ఆస్తి గనుక, దాని ఆకార విస్తీర్ణములందు ఎట్టి మార్పు చేయరాదు. చేసినచో సర్టిఫికెట్ చెల్లదు.

"మరి ఆపరేషన్ చేయించుకుంటే మచ్చ మారుతుంది గదండీ," అన్నాడు మాలకొండయ్య.

"మారుతుంది."

"మారితే సర్టిఫికెట్ చెల్లదు."

"చెల్లదు."

"ఈ సర్టిఫికెట్ ఇచ్చింది ఆపరేషన్ కోసమే గదా."

"ఆపరేషన్ కోసమే. అందులో అనుమానం లేదు. మీరు ఆపరేషన్ చేయించుకోవడానికి పూర్తి అర్హులు. చేయించుకోనంతవరకు."

"చేసేశాక?"

"చేసేశాక అర్హత ఉండదు కాబట్టి, ఆ ఆపరేషన్ జరగనట్టే భావించడం జరుగుతుంది." సుగుణాకరం ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. "అయినా అప్పీలుంది."

ఆ సాయంత్రం బస్సులో చెంచమ్మ కునుకుతుంటే మాలకొండయ్య కిటికీ పక్కన కూర్చుని ఎడమ కంటికి అరచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఎదురుగాలి. ముప్ఫై ఏళ్ళలో ఎన్నడూ లేనిది, ఆయనకి మొదటిసారి ఆ మచ్చ మీద కోపం వచ్చింది. తర్వాత జాలి వేసింది. దాని తప్పేమీ లేదు. ఎవరి పాటికి వాళ్ళు దాన్ని వదిలేసి ఉంటే అదీ తన పాటికి తను ఉండేది.

ఊరికి పోకుండా దారిలోనే దిగి, ఇద్దరూ ఇంకో బస్సెక్కి సైనిక ఆసుపత్రికి వెళ్ళారు. మేజర్ షకీరా సర్టిఫికెట్ అంతా చదివింది. చివరి పేరా రెండుసార్లు చదివింది. ఆమె మొహంలో నవ్వు గానీ కోపం గానీ కనపడలేదు.

"హవల్దార్ సాబ్, లారీ తోలేటప్పుడు రోడ్డు మూసేసి ఉంటే ఏం చేసేవాళ్ళు?"

"పక్క దారి చూసేవాళ్ళమమ్మా."

"మచ్చని నేను ముట్టుకోను. రెప్ప పని చేస్తాను. రెప్ప గురించి ఇందులో ఒక్క ముక్క లేదు. కుడి చెవి వెనక నుంచి కొంచెం చర్మం తీసి రెప్పకి అతికిస్తాను. ఇరవై శాతం ఉంది కాబట్టి ఆపరేషన్‌కి అనుమతి ఉంది. మచ్చ అలాగే ఉంది కాబట్టి సర్టిఫికెట్ ఉంది. రేపు పొద్దున ఏమీ తినకుండా రండి."

"ఆళ్ళు మళ్ళా ఏమన్నా అంటేనో?" అంది చెంచమ్మ.

"అంటారు. అనేసరికి కుట్లు మానిపోతాయి."

ఆపరేషన్ జరిగింది. ఈసారి మత్తుమందు ఉంది. కట్టు విప్పిన రోజున మేజర్ షకీరా, "కళ్ళు మూయండి," అంది. మాలకొండయ్య మూశాడు. రెండు వైపులా ఒకేసారి చీకటి పడింది. ఆయన అలాగే ఉండిపోయాడు.

"ఇక తెరవొచ్చు," అందామె కాసేపటికి.

"ఉండనీండమ్మా కొంచెంసేపు," అన్నాడాయన.

పద్ధతి ప్రకారం ఆసుపత్రి ఆ సమాచారాన్ని మండలికి పంపింది. ఎడమ కంటి రెప్ప సరిచేయబడినది, దానికి కావలసిన చర్మము కుడి చెవి వెనక నుంచి గ్రహించబడినది అని. మొదటి ముక్కని త్రివిక్రమరావుగారు పట్టించుకోలేదు. రెండో ముక్క దగ్గర ఆగిపోయారు. ఒక హద్దులోని చర్మాన్ని ఇంకో హద్దులోకి ముందస్తు అనుమతి లేకుండా బదలాయించడం ఆయన సర్వీసులో ఎన్నడూ చూడలేదు. పైగా రెప్ప మచ్చకి ఉత్తరపు సరిహద్దు. సరిహద్దు మారితే విస్తీర్ణం మారుతుంది. సైటు మీదికి పోయి తనే స్వయంగా కొలవాలని నిర్ణయించుకున్నారు.

ఎర్రగుంటపల్లెలోకి జీపు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. పొద్దున్నంతా కంది చేను దున్ని వచ్చి, అన్నం తిని, మాలకొండయ్య వసారాలో నులకమంచం మీద పడుకుని ఉన్నాడు. మీసం మళ్ళీ మొలుస్తోంది. జీపు చప్పుడుకి ఆయనకి మెలకువ వచ్చింది. లేచి నిలబడబోయాడు. ఇంతలో వాకిట్లో చెంచమ్మ గొంతు వినపడింది.

"పడుకోని ఉన్నాడయ్యా. లేపొద్దు."

"ప్రభుత్వ పని మీద వచ్చామమ్మా," అన్నారు త్రివిక్రమరావుగారు.

"రానీండి. గొంతు మాత్రం తగ్గించండి."

మాలకొండయ్య లేవబోయి ఆగాడు. ఆయనకి ఒక ఆలోచన వచ్చింది. ఇన్నేళ్ళూ అది రావడానికే వీల్లేకపోయింది. నిద్రపోతున్నట్టు నటించవచ్చు. ఎవరూ కనిపెట్టలేరు. రెండు కళ్ళూ మూసుకుని ఊపిరి మెల్లగా, బరువుగా వదలడం మొదలుపెట్టాడు.

అడుగుల చప్పుడు దగ్గరికొచ్చింది. చల్లటి ఉక్కు టేపు చెంపకి తగిలింది. మాలకొండయ్య కదల్లేదు. తలాపున త్రివిక్రమరావుగారు గుసగుసగా చెబుతుంటే, సుగుణాకరం ఇంకా గుసగుసగా తిరిగి పలుకుతూ రాసుకుంటున్నాడు.

"ఉత్తరపు సరిహద్దును చెవి చర్మము ఆక్రమించినది. తత్ఫలితముగా మచ్చ ఇరవై శాతము కన్నా తగ్గినది. కావున సర్టిఫికెట్ రద్దు. సర్టిఫికెట్ లేనందున, సదరు ఆపరేషన్ జరగనట్టే భావించవలెను."

"అట్టాగే భావించండి," అంది చెంచమ్మ.

"అంటే మీ ఆయన కన్ను మూతపడనట్టే లెక్క."

"అట్టాగే లెక్కేసుకోండయ్యా."

ఆమె ఇంత తేలిగ్గా ఒప్పుకోవడం త్రివిక్రమరావుగారికి కొంచెం ఇబ్బందిగా ఉన్నట్టుంది. ఆయన వంగి ఆ కంటి వైపు చూశారు. ఆయన ఊపిరి మాలకొండయ్య నుదుటికి తగిలింది.

"సుగుణాకరం, ఇది మూసుకునే ఉందే."

"రికార్డు ప్రకారం తెరుచుకునే ఉంది సార్," అన్నాడు సుగుణాకరం.

త్రివిక్రమరావుగారికి ఆ మాటతో ఊరట కలిగింది. టేపు సర్రున లోపలికి చుట్టుకుంది. దరఖాస్తుదారుడి సంతకం ఒకటి మిగిలింది.

"ఎప్పుడు లేస్తారమ్మా?"

"నాకేం తెలుసయ్యా. ఈయన ఇట్టా నిద్రపోవడం ఈ మధ్యే చూస్తున్నా. కూర్చోండి, మజ్జిగ ఇస్తా."

వాళ్ళు అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగారు. కాసేపటికి సుగుణాకరం గోడకి తల ఆనించి కునికాడు. త్రివిక్రమరావుగారు లేచి ఒకసారి మంచం దాకా వచ్చి, దగ్గుదామనుకుని, దగ్గకుండానే తిరిగిపోయారు. ఎండ తగ్గాక, ఇంకోసారి వస్తామని చెప్పి ఇద్దరూ జీపెక్కారు.

దుమ్ము సద్దుమణిగాక చెంచమ్మ మంచం దగ్గరికొచ్చింది.

"పోయినార్లే. ఇంక లెయ్."

జవాబు రాలేదు. ఆమె వంగి చూసింది. దొంగనిద్ర ఎప్పుడు నిజం నిద్రయిపోయిందో, మాలకొండయ్య నోరు కాస్త తెరిచి సన్నగా గురక పెడుతున్నాడు. చెంచమ్మ ఆయన మొహం మీద వాలిన ఈగని కొంగుతో తోలి, ఖాళీ గ్లాసులు చప్పుడు కాకుండా తీసుకుని లోపలికి పోయింది.